ఉప్పు తగిలిన వేరు

శ్రోతలకు నమస్కారం.

ఈ రెండు మాటలు పలకడానికి నాకు సెకనో రెండు సెకన్లో పట్టి ఉంటుంది. వేరు కొసకు ఉప్పునీరు తగిలిన ఒక లేత మొక్కలో, ఒక్క సెకనులో, ఆ కబురు 0.4 మిల్లీమీటర్లు పైకి పాకుతుంది. నిమిషానికి లెక్కవేస్తే 2.4 సెంటీమీటర్లు. ఇదేం వేగం అనిపించవచ్చు. కాని మొక్కకు నరం లేదు, మెదడు లేదు, కబురు మోసే రక్తమూ లేదు. ఉన్నవల్లా ఒకదానికొకటి అతుక్కుని కూర్చున్న కణాలు. అయినా కొసన ఉన్న కణం తిన్న దెబ్బ, ఉప్పు మొహమే చూడని ఆకులకు కాసేపట్లో తెలిసిపోతోంది. ఆ కబురును మోస్తున్నదేమిటి, అది తెలిశాక వేరు ఏం చేస్తుంది, మన చౌడు నేలల్లో ఇదంతా ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

మోసేది కాల్షియం.

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్లు, పాలు గుర్తొస్తాయి. మొక్కలోనూ దానికి అలాంటి కట్టుబడి పని ఒకటుంది. కణాల గోడల్లో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. దాని పోగుల్ని కలిపి కట్టి ఉంచేది కాల్షియమే. కణం నడుమ నీటి సంచిలా ఉండే రిక్తికలో కూడా అది దండిగా నిల్వ ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య, జీవక్రియలు జరిగే కణద్రవ్యంలోకి మాత్రం కణం దాన్ని రానివ్వదు. గోడలో ఉన్న కాల్షియంతో పోలిస్తే లోపల తిరిగేది సుమారు పదివేలో వంతు. ఇంత పట్టింపు ఎందుకంటే, కణం తన శక్తిని ఫాస్ఫేటు రూపంలో చలామణి చేస్తుంది. కాల్షియం, ఫాస్ఫేటు కలిస్తే కరగని గట్టి పదార్థం తయారవుతుంది. మన ఎముకలో ఉన్నది దాదాపు అదే. ఎముకకు మంచిదే గాని, బతికున్న కణం లోపల అలా గట్టిపడితే ఆ కణం పని అయిపోయినట్టే. అందుకని కణం తన శక్తిలో కొంత ఖర్చుపెట్టి, రాత్రనక పగలనక, కాల్షియాన్ని బయటికీ రిక్తికలోకీ తోడిపోస్తూనే ఉంటుంది.

ఇలా తోడిపోయడం వల్ల ఒక సౌకర్యం వచ్చింది. నిండు చెరువు కట్ట కింద ఎండిన కాలువ ఉందనుకోండి. తూము జానెడు లేపినా చాలు, కాలువలో నీళ్లొచ్చాయని చివరి మడి రైతుకు తెలుస్తుంది. నిండుగా పారే కాలువలో అన్ని నీళ్లే వదిలితే ఎవరికీ తెలియదు. కణద్రవ్యం ఆ ఎండిన కాలువ. పొరలోని కొన్ని మార్గాలు క్షణకాలం తెరుచుకుంటే లోపలి కాల్షియం ఎన్నో రెట్లవుతుంది. మార్గాలు మూసుకున్నాక, తోడే ప్రోటీన్లు మళ్లీ ఖాళీ చేసేస్తాయి. వచ్చిన కాల్షియం స్వయంగా ఏమీ చేయనక్కర్లేదు. అది వచ్చిందన్నదే వార్త. లోపల ఉండకూడనిది కాబట్టే అది వార్త మోయగలిగింది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ఇంకో పదార్థం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇక ఉప్పు సంగతి. ఉప్పు వేరును రెండు విధాలుగా కొడుతుంది. మొదటి దెబ్బ నీటి మీద. మట్టిలో చెయ్యి పెడితే తడి తగులుతుంది, కాని ఉప్పు పట్టి ఉంచిన నీటిని వేరు లాక్కోలేదు. మడిలో నీళ్లు నిలిచి ఉండగానే పైరు దాహంతో వాలిపోతుంది. ఇది నిమిషాల్లో మొదలవుతుంది. రెండోది సోడియం దెబ్బ, నిదానంగా, రోజుల మీదా వారాల మీదా బయటపడుతుంది. పొటాషియానికి దగ్గర పోలికలున్న సోడియం, పొటాషియం కూర్చోవలసిన చోట వచ్చి కూర్చుంటుంది, దాని పని మాత్రం చేయదు. ఎంజైములు మందగిస్తాయి. ముదురాకులు కొసల నుంచి మాడుకుంటూ వస్తాయి.

ఈ రెండింటి వల్ల మూడో బాధ పుడుతుంది. కణంలో శ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ సాఫీగా సాగనప్పుడు ఆక్సిజన్ నుంచి దుడుకు రూపాలు తయారవుతాయి. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, వీటన్నిటికంటే మొండిదైన హైడ్రాక్సిల్ రాడికల్. పుండు కడిగేటప్పుడు నురగ కక్కే మందు ఉంటుంది చూడండి, అదే హైడ్రోజన్ పెరాక్సైడ్. సూక్ష్మజీవుల్ని చంపేది మొక్క కణాన్ని ఊరకే వదులుతుందా? కొవ్వుపొరలు, ప్రోటీన్లు, డీఎన్ఏ, ఏది దొరికితే దాన్ని పాడుచేస్తుంది. ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఇదే. పాఠ్యపుస్తకాలు చాలాకాలం దీన్ని నష్టం ఖాతాలోనే రాశాయి. అది సగం నిజమే.

మిగతా సగం బయటపడాలంటే ముందు కణంలో కాల్షియం పెరగడాన్ని చూడగలగాలి. అది కంటికి కనిపించేది కాదు. ఇక్కడ కథ మొక్కల్ని వదిలి సముద్రానికి పోతుంది. 1961 వేసవిలో ఒసాము షిమోమురా అనే జపాన్ శాస్త్రవేత్త, అమెరికా పశ్చిమ తీరంలోని ఫ్రైడే హార్బర్‌లో, మెరిసే జెల్లీ చేపల్ని వేల సంఖ్యలో పట్టి వాటి వెలుగుకు మూలమేమిటో వెతుకుతున్నాడు. చాలా రోజులు ఏదీ కుదరలేదు. చివరికి ఒక రసం కాస్త వెలిగేలా చేయగలిగాడు. పరీక్ష అయిపోయాక దాన్ని సింకులో పారబోశాడు. సింకు లోపల ఒక్కసారిగా నీలి కాంతి మెరిసింది. అక్వేరియం నుంచి పొర్లిన సముద్రపు నీరు ఆ సింకులోకే పోతుండేది. ఆ నీటిలోని కాల్షియమే రసాన్ని వెలిగించింది. అలా దొరికిన ప్రోటీన్ ఎక్వోరిన్. అదే జెల్లీ చేపలో అతనికి దొరికిన మరో పచ్చని ప్రోటీన్‌కు, 2008లో, మరో ఇద్దరితో కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన కథకు మాత్రం ఎక్వోరినే ముఖ్యం. కాల్షియం తగిలితే వెలుగుతుంది, లేకపోతే లేదు. ఇంతకన్నా సూటి పరికరం ఏముంటుంది?

1991లో ఎడిన్‌బరోకు చెందిన ఆంథొనీ ట్రెవావస్, మార్క్ నైట్, వారి సహచరులు ఈ ఎక్వోరిన్ జన్యువును పొగాకు మొక్కలో పెట్టారు. మొక్కను తాకితే వెలుగు వచ్చింది. చల్లదనం తగిలితే వచ్చింది. శిలీంధ్రాల నుంచి తీసిన పదార్థం ఇస్తే వచ్చింది. అది మన కంటికి ఆనే వెలుగు కాదు. చీకటి పెట్టెలో సున్నితమైన పరికరమే దాన్ని కొలవగలదు. 1994లో అదే పొగాకుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇచ్చి చూశారు. అప్పుడూ కాల్షియం లేచింది. 1997లో అరబిడాప్సిస్ వంతు వచ్చింది. ఇది ఆవాల కుటుంబంలోని చిన్న కలుపు మొక్క. తినడానికి పనికిరాదు, ప్రయోగశాలల్లో మాత్రం దాని హోదా వేరు. దానికి ఉప్పు తగిలినప్పుడూ, నీటి కొరత వచ్చినప్పుడూ కాల్షియం ఎగసింది. అంటే మొక్కకు ఏ కష్టం వచ్చినా ముందు కదిలేవాటిలో ఇది ఒకటి.

అయితే ఎక్వోరిన్ వెలుగు మరీ మినుకు. ఏ కణంలో, ఏ క్షణంలో అన్నది దానితో చెప్పడం కష్టం. కాల్షియం తగిలితే రంగు మారే కొత్త ప్రోటీన్లు వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. 2014లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వోన్-గ్యూ చోయ్, సైమన్ గిల్‌రాయ్ బృందం అలాంటి అరబిడాప్సిస్ మొలకల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, వేరు కొసకు మాత్రమే ఉప్పునీరు తగిలేలా చేసింది. లీటరుకు 6 గ్రాముల లోపు ఉప్పు, సముద్రపు నీటిలో ఆరో వంతు. కొసలో పుట్టిన కాల్షియం అల వేరు వెంట పైకి సాగింది. ఈ ప్రసంగం మొదట్లో చెప్పిన వేగం దానిదే. అది వేరు పైచర్మం మీదుగా పోలేదు. దాని లోపలి వల్కలం, ఇంకా లోపలి అంతశ్చర్మం, ఈ రెండు వరుసల గుండా పోయింది. ఉప్పు తగలని ఆకుల్లో కూడా ఆ ఒత్తిడికి సంబంధించిన జన్యువులు పనిలోకి దిగాయి. రిక్తిక పొర మీద ఉండే టీపీసీ1 అనే మార్గం లేని మొక్కల్లో మాత్రం ఆ అల నత్తనడకన పోయింది. బయటి కాల్షియం ఒక్కటే కాదు, కణం తన సొంత నిల్వను కూడా ఈ కబురుకు వాడుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది.

కొసన చేరిన కాల్షియమే ఆకుదాకా ప్రయాణం చేస్తుందని మాత్రం అనుకోకండి. కాల్షియం అయాన్ కణద్రవ్యంలో ఎక్కువ దూరం పోలేదు. దారిలోనే ఏదో ఒక ప్రోటీన్ దాన్ని పట్టేస్తుంది, లేదా తోడేసే యంత్రం బయట పడేస్తుంది. కబురు సాగాలంటే ప్రతి కణమూ దాన్ని కొత్తగా పుట్టించాలి. పక్క కణాన్ని కదిపేది ఏమిటి? ఇందాక పుండు కడిగే మందు అన్నామే, ఆ హైడ్రోజన్ పెరాక్సైడ్.

కణం పైపొరలో ఆర్‌బీఓహెచ్ అనే ఎంజైముల కుటుంబం ఉంది. వాటి పని సూపరాక్సైడ్ తయారుచేసి బయటి గోడలోకి వదలడం. కాసేపట్లో అది పెరాక్సైడ్ అవుతుంది. పొరపాటున కారేది కాదు, మొక్క కావాలని చేసుకునే తయారీ ఇది. గోడలోకి వచ్చిన పెరాక్సైడ్ పక్క కణంలో కాల్షియం మార్గాల్ని తెరిపిస్తుంది. కాల్షియం లోపలికి వస్తుంది. ఆ ఎంజైము లోపలి కొనలో కాల్షియం అతుక్కునే చోట్లున్నాయి. అక్కడ కాల్షియం పడగానే ఆ ఎంజైమూ పనిచేయడం మొదలుపెట్టి, తన వంతు పెరాక్సైడ్‌ను తర్వాతి కణం వైపు వదులుతుంది. కాల్షియం పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, పెరాక్సైడ్ కాల్షియాన్ని రప్పిస్తుంది. ఉప్పు అల ఆ వేగంతో సాగడానికి ఆర్‌బీఓహెచ్‌డీ అనే ఎంజైము, టీపీసీ1 మార్గం, రెండూ కావాలని గిల్‌రాయ్ బృందమే 2016లో లెక్కలతో సహా చూపింది. 2020లో పెరాక్సైడ్‌ను కణం బయటే పసిగట్టే ప్రోటీన్ ఒకటి కూడా దొరికింది. పేరు హెచ్‌పీసీఏ1. అయితే దాని పనిని ముందు చూపింది వేరులో కాదు, ఆకు రంధ్రాల కాపలా కణాల్లో.

నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చేది ఇక్కడే. కణానికి ప్రాణాంతకమైనవి రెండున్నాయి, కాల్షియం ఒకటి, పెరాక్సైడ్ ఒకటి. రెంటినీ కణం ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. ఊడ్చేసిన చోటు గనుకే అవి ఏ కాస్త కనబడినా అర్థం ఉంటుంది. తన శత్రువుల్నే వేరు వార్తాహరులుగా పెట్టుకుంది. ఆపదలోనే ఇలా చేస్తుందని కూడా కాదు. 2003లో అరబిడాప్సిస్ మూలకేశాల మీద చేసిన పనిలో, ఇదే కుటుంబంలోని ఇంకో ఎంజైము మూలకేశం కొసన పెరాక్సైడ్ వర్గపు పదార్థాల్ని పుట్టించి కాల్షియాన్ని లోపలికి రప్పిస్తోందని తేలింది. ఆ ఎంజైము లేని మొక్కకు మూలకేశాలు బొడిపెల్లాగే ఆగిపోయాయి. నీళ్లూ ఎరువూ తాగే ఆ సన్నని వెంట్రుకలు రోజూ పెరిగేది ఈ విషాల ఆసరాతోనే.

కాబట్టి యాంటీ ఆక్సిడెంట్ అని పేరు పెట్టి పైరు మీద పిచికారీకి అమ్మే ప్రతి సీసానూ కాస్త అనుమానంగా చూడండి. పెరాక్సైడ్‌ను మొత్తం తుడిచిపెట్టడం మొక్కకు మేలని మనం ఊరికే అనుకుంటున్నాం. మొక్క ఆ ఉద్దేశంలో లేదు.

అలాగని అది హద్దు దాటితే వచ్చే నష్టం చిన్నది కాదు. హైడ్రాక్సిల్ రాడికల్ వేరు కణాల పొరలో ఒక్క కాల్షియం మార్గాల్నే తెరవదు, పొటాషియం బయటికి పోయే దారుల్నీ తెరుస్తుంది. కేంబ్రిడ్జిలో జూలియా డేవీస్ బృందం, దానితో కలిసి పనిచేసిన వదీమ్ దెమిద్‌చిక్ ఈ దారుల్ని విడమరచి చూపారు. అనెక్సిన్1 అనే ప్రోటీన్‌కు ఇందులో వాటా ఉంది. కణానికి పొటాషియం మూలధనం. అది కారిపోతుంటే, మామూలుగా అణిగి ఉండే కొన్ని విధ్వంసక ఎంజైములు లేస్తాయి, కణం తనను తాను కూల్చుకుంటుంది. ఉప్పు తగిలిన వేరులో లోపలికి ఎంత సోడియం వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, పొటాషియాన్ని ఎంత నిలుపుకుందన్నది అంతే ముఖ్యం. ఉప్పును ఓర్చుకునే రకాల్లో చాలావాటికి ఈ రెండో గుణం బలంగా ఉంటుంది. మనం మాత్రం సోడియాన్నే లెక్కపెడుతుంటాం.

సరే, కబురు అందింది. వేరు ఏం చేయాలి? ముందు సోడియాన్ని బయటికి నెట్టాలి. ఆ యంత్రాంగాన్ని కనిపెట్టిన పద్ధతి చాలా సాదాది, అందుకే చెప్పాలనిపిస్తోంది. 1990లలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో జియాన్-కాంగ్ ఝు బృందం, జన్యువుల్లో మార్పులు తెచ్చిన అరబిడాప్సిస్ మొలకల్ని ఉప్పు కలిపిన అగర్ పళ్లేల మీదికి మార్చి, పళ్లేన్ని తలకిందులుగా నిలబెట్టింది. మామూలు మొలక వేరు ఉప్పులో కూడా వంపు తిరిగి కిందికి పెరుగుతుంది. ఉప్పును అసలు ఓర్వలేని మొలక వేరు కదలదు, ఉన్నది ఉన్నట్టే నిలిచిపోతుంది. కంటితో చూసి ఏరుకోవచ్చు. అలా ఏరిన మొక్కల నుంచి మూడు జన్యువులు దొరికాయి, ఎస్‌ఓఎస్1, ఎస్‌ఓఎస్2, ఎస్‌ఓఎస్3. మూడోది తయారుచేసే ప్రోటీన్ కాల్షియాన్ని పట్టుకుంటుంది. పట్టుకోగానే రెండోదాన్ని వెంటబెట్టుకుని కణం పొర దగ్గరికి చేర్చుతుంది. రెండోది కైనేజు, అంటే వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించి పని మొదలుపెట్టించేది. అది ఎస్‌ఓఎస్1ను మేల్కొలుపుతుంది. ఎస్‌ఓఎస్1 ఒక ప్రోటాన్‌ను లోపలికి తీసుకుని ఒక సోడియాన్ని బయటికి గెంటుతుంది. కాల్షియం కబురు నుంచి సోడియం గెంటివేత దాకా మధ్యలో నడిచే మెట్లు ఇవే. 1998 నుంచి 2000 లోపల ఈ గొలుసు దాదాపుగా పూర్తయింది. మొక్కల్లో ఇంత తేటగా తేలిన కబురు దారులు ఆనాటికి చాలా అరుదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. తాకినా కాల్షియమే, చల్లబడినా కాల్షియమే, ఉప్పయినా కాల్షియమే. మరి ఇది ఉప్పేనని కణానికి ఎలా తెలుస్తుంది? కొందరు అంటారు, ప్రతి కష్టానికీ కాల్షియం లేచే తీరు వేరు. ఎంత ఎత్తు లేచింది, ఎంతసేపు నిలిచింది, ఎన్నిసార్లు కొట్టుకుంది, ఏ కణంలో అన్నదాన్ని బట్టి కణం చదువుకుంటుందని. 2001లో కాలిఫోర్నియాలో జూలియన్ ష్రోడర్ బృందం కాపలా కణాల్లో కాల్షియాన్ని బయటినుంచి రకరకాల తాళాల్లో ఆడించి చూస్తే, ఆకు రంధ్రాలు మూతపడి అలాగే నిలవాలంటే ఒక రకం తాళమే కుదిరింది. ఎదుటి పక్షంలో ఇందాక చెప్పిన నైట్ కూడా ఉన్నారు. 2003లో ఆయన, సహరచయిత కలిసి, చాలా సందర్భాల్లో కాల్షియం కేవలం ఒక స్విచ్చు మాత్రమే కావచ్చు కదా అని ప్రశ్నించారు. ఒక్క కణం మీద చూస్తే ష్రోడర్ ఫలితం కాదనలేనిదే. అయినా వేరు మొత్తం విషయంలో నాకు నైట్ వాదనవైపే మొగ్గు. ఏ కష్టమో తేల్చేది కాల్షియం ఒక్కటే కాదు. దాన్ని ఎదురుచూస్తూ ఏ ప్రోటీన్ కూర్చుంది, పక్కన ఇంకేం జరుగుతోంది అన్నది కూడా కలిసి తేలుస్తాయి.

ఈ మధ్య వచ్చిన రెండు పనులు ఈ గొడవను కొంత తేటపరిచాయి. 2019లో ఉప్పు ఇచ్చినా కాల్షియం వెలుగు రాని అరబిడాప్సిస్ మొలకను వెతికి పట్టారు. అదే మొలకలో చల్లదనానికీ పెరాక్సైడ్‌కూ వెలుగు మామూలుగానే వచ్చింది. దానిలో లోపించింది పొర బయటి వరసలో ఉండే ఒక రకం కొవ్వును తయారుచేసే ఎంజైము, మోకా1. ఆ కొవ్వు అణువుల తలల మీదికి సోడియం వచ్చి అంటుకుంటుంది, ఆ ఆనవాలుతో కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. ఉప్పును పసిగట్టేది ప్రోటీనే అయి ఉంటుందని ఏళ్ల తరబడి వెతికితే, అది కొవ్వులో దొరికింది. రెండోది 2022లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో యోర్గ్ కుడ్లా బృందం చేసింది. వేరు పొడవునా కాకుండా, కణాలు ముదిరి రూపు దిద్దుకునే ప్రాంతంలో ఒక చోట ఉప్పుకు మొదటి కాల్షియం సంకేతం పుడుతుందని, ఉప్పు ఎంత ఎక్కువైతే అది అంత బలంగా ఉంటుందని చూపింది. ఉప్పు మితంగా ఉంటే ఎస్‌ఓఎస్3 లాంటివి సరిపోతాయి. తీవ్రమైతే సీబీఎల్8 అనే మరో కాల్షియం గ్రాహకం దానికి తోడుగా పనిలోకి వస్తుంది. అంటే కబురులో ఉప్పు ఉందన్నదే కాదు, ఎంత ఉందన్నది కూడా ఉంది.

ఇవన్నీ పళ్లేల మీది మొలకలు. పోసిన ఉప్పు ఒక్కసారిగా తగిలింది. మన పొలాల్లో చాలాచోట్ల ఉప్పు అలా రాదు. ఎండాకాలంలో నేల తడి ఆవిరవుతుంటే కింది నుంచి నెమ్మదిగా పైకి ఎగబాకుతుంది, వారాల మీద పేరుకుంటుంది. ఒక్కసారిగా వచ్చే సందర్భాలూ లేకపోలేదు. 1977 నవంబరులో దివిసీమ మీద పడిన ఉప్పెన సముద్రాన్నే తెచ్చి మళ్లలో పోసింది. కానీ మామూలు చౌడులో వేరు పడే బాధ వేరు. అక్కడ మొదటి కబురు ఎప్పుడో అందిపోయింది. మిగిలేది ఆ ఒత్తిడిని రోజూ భరించడం. పళ్లెంలో దొరికిన వేగాన్ని పొలం మీద నేరుగా అచ్చువేస్తే తప్పుతాం.

వేరుకు కాల్షియం మేలు చేస్తుందన్నది మాత్రం పొలం దగ్గరికి వచ్చే మాటే. 1969లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఇమాన్యుయెల్ ఎప్‌స్టీన్, తన విద్యార్థితో కలిసి, చిక్కుడు మొక్కల్ని సముద్రపు నీటిలో పదో వంతు ఉప్పున్న ద్రావణంలో పెంచాడు. కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు మొక్కలు దెబ్బతిన్నాయి. జిప్సం రూపంలో కాల్షియం కొంచెం పెంచగానే దాదాపు ఏ నష్టమూ లేకుండా బతికాయి, సోడియం ఆకుల్లోకి ఎగబడటం ఆగింది. 1985లో అక్కడే పత్తి వేళ్ల మీద, సోడియం కణపొర మీద అంటిపెట్టుకుని ఉన్న కాల్షియాన్ని తోసేసి తాను కూర్చుంటోందని కనిపెట్టారు. పొర మీది కాల్షియం పోతే పొర కారుతుంది, పొటాషియం పోతుంది. బయట కాల్షియం తగినంత ఉంటే ఈ తోపులాటలో సోడియం గెలవలేదు.

ఇది విన్నాక అందరికీ జిప్సం బస్తా గుర్తొస్తుంది. ఇక్కడ తొందరపడకూడదు. చౌడు అంటే ఒకటే రకం కాదు. పాలచౌడు నేలలో కరిగే లవణాలు ఎక్కువ, పైన తెల్లని పొర తేలుతుంది. పరీక్షలో విద్యుత్ వాహకత 4 దాటుతుంది, ఉదజని సూచిక 8.5 లోపే ఉంటుంది. దానికి మందు మంచినీళ్లు నిలబెట్టి ఉప్పును కిందికి దింపడం, దిగిన నీటికి మురుగు కాలువ చూపించడం. జిప్సం అక్కడ మరికొంత లవణమే. కారుచౌడు వేరు. అక్కడ సోడియం బంకమట్టి రేణువులకు అంటుకుని ఉంటుంది, ఉదజని సూచిక 8.5 దాటుతుంది, తడిస్తే నేల బురదై నీరు ఇంకదు, ఎండితే గట్టిపడి పగుళ్లిస్తుంది. జిప్సంలోని కాల్షియం ఆ రేణువుల మీది సోడియాన్ని తప్పించి కూర్చుంటుంది, తర్వాత ఆ సోడియాన్ని నీళ్లతో కడిగెయ్యాలి. అది మట్టిలో జరిగే మార్పిడి. వేరు లోపలి కబురుతో దానికి నేరుగా సంబంధం లేదు. నేలలో కాల్షియం పెంచినంత మాత్రాన కబురు బిగ్గరగా వినపడదు. కణం లోపల అది ఎంత ఉండాలో కణమే చూసుకుంటుంది. వేరుశనగలో పూత నుంచి ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమనడం ఇంకో పని. కాల్షియం ఆకుల నుంచి కిందికి దిగి కాయను చేరలేదు. మట్టిలో ఉన్న కాయే దాన్ని నేరుగా పీల్చుకోవాలి. ఒకటే బస్తా, మూడు పనులు, మూడు కారణాలు.

వరి దగ్గరికి వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అరబిడాప్సిస్ సోడియంతో పోరాడేది ఎక్కువగా కణం పొర దగ్గర. వరి వేరులో ఇంకో దారి ఉంది. 1980లలో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో టిమొతీ ఫ్లవర్స్, ఆంథొనీ యో చూపినదేమిటంటే, వరికి చేరే సోడియంలో చెప్పుకోదగ్గ భాగం ఏ కణంలోకీ పోకుండా, కణాల గోడల నడుమ సందుల్లోంచి నీటితోపాటు నేరుగా, నీటిని పైకి మోసే దారువులోకి జొరబడుతోంది. అక్కడ ఏ పొరా దాన్ని అడ్డుకోదు. కాల్షియం అల ఎంత వేగంగా సాగితే ఏం, కొంత ఉప్పు కణం లోపలికే రాకుండా పక్కదారిన పైకి పోతోంది. చిక్కుడులో ఎప్‌స్టీన్ చూసినంత మేలు వరిలో కాల్షియం వల్ల కనిపించకపోవడానికి ఇదొక కారణం.

అందుకని వరిలో గట్టి కాపలా దారువు దగ్గర ఉండాలి. 2005లో షాంఘైలో హాంగ్-జువాన్ లిన్ బృందం, బెంగాల్ తీరంలో పండే నోనా బోక్రా అనే మన దేశవాళీ రకం నుంచి ఒక జన్యువును పట్టింది. దాని ప్రోటీన్ దారువును ఆనుకుని ఉన్న కణాల్లో ఉండి, పైకి పోతున్న రసంలోంచి సోడియాన్ని వెనక్కి లాగేస్తుంది. ఆకుకు చేరేది తగ్గుతుంది. కేరళ తీరంలో ఉప్పునీటి పొలాల్లో తరతరాలుగా పండే పొక్కాలి రకం నుంచి సాల్టోల్ అనే జన్యుభాగాన్ని గుర్తించింది కూడా ఒకటో క్రోమోజోము మీదే, ఈ జన్యువు చుట్టుపక్కలే. మన దగ్గర మచిలీపట్నం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంసీఎం 100, ఎంసీఎం 101 రకాలు తీర ప్రాంతపు చౌడును ఓర్చుకోవడానికి ఎంపిక చేసినవే.

రకం ఒక్కటే చాలదు, వయసు కూడా చూడాలి. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే తట్టుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు మాత్రం సుకుమారం, మళ్లీ పూత దశలో సుకుమారం. మధ్యలో పిలకలు వేసే కాలంలో గట్టిగా ఉంటుంది. చౌడు మడిలో లేత నారు వేయొద్దు, కాస్త ముదురు నారు నాటండి, కుదురుకు మొక్కలు ఎక్కువ పెట్టండి, నాటే ముందు మంచినీరు పెట్టి మురుగు తీసేయండి అని వ్యవసాయాధికారులు చెప్పేది ఇందుకే. నాటాక వారం తిరక్కుండానే ముదురాకుల కొసలు మాడడం మొదలైతే, ఎరువు తక్కువైందని యూరియా చల్లకండి. ముందు ఆ మడి నీటినీ మట్టినీ పరీక్షకు పంపండి.